టీ కణం నోరు కట్టే మాత్ర

ధర్మపురి వైపు తెలుగువాళ్లకు కిడ్నీ మార్పిడి అనగానే గుర్తొచ్చే ఊళ్లలో వేలూరు ఒకటి. కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరు దాటితే వచ్చేస్తుంది. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీని మన దేశంలో మొదటిసారి విజయవంతంగా అమర్చింది అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే, 1971లో. శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ అనే మందు అప్పటికి లేదు. అది జపాన్‌లోని త్సుకుబా మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి 1984లో దొరికింది.

ఈ మందు రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాన్ని చంపదు. పరాయి అవయవాన్ని గుర్తుపట్టగానే టీ కణంలో కాల్షియం పెరుగుతుంది. కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మేలుకుని, ఎన్‌ఫ్యాట్ అనే ప్రోటీనుకు అంటుకున్న ఫాస్ఫేట్లను ఊడదీస్తుంది. అప్పుడు ఎన్‌ఫ్యాట్ కేంద్రకంలోకి దూరి ఇంటర్‌ల్యూకిన్-2 జన్యువును పనిలోకి దింపుతుంది. ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీను అందితే టీ కణాలు రెట్టింపవుతూ కొత్త కిడ్నీ మీద పడతాయి. టాక్రోలిమస్ కాల్సిన్యూరిన్‌నే పట్టేస్తుంది. జన్యువు చెక్కుచెదరదు, దాని ఆర్‌ఎన్‌ఏ నకలు మాత్రం బాగా తగ్గిపోతుంది.

టాక్రోలిమస్‌తోపాటు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తన గ్రాహకంతో కలిసి తానే కేంద్రకంలోకి వెళ్తుంది. వాపు పుట్టించే జన్యువుల్ని అణచివేస్తుంది, కాలేయంలో గ్లూకోజు తయారుచేసే జన్యువుల్ని మాత్రం ఎగదోస్తుంది. మార్పిడి తర్వాత కొందరికి కొత్తగా షుగరు రావడానికి అదొక కారణం.

మన దేశంలో అందరికీ తెలియాల్సిన సంగతి ఇంకొకటుంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు టీబీ సులభంగా వస్తుంది. దానికి వాడే రిఫాంపిసిన్ కాలేయంలో సీవైపీ3ఏ4 అనే జన్యువును విజృంభింపజేస్తుంది. టాక్రోలిమస్‌ను విరగ్గొట్టే ఎంజైము దానిదే. దాంతో రోజూ వేళకు టాక్రోలిమస్ మాత్ర వేసుకున్నా రక్తంలో మందు నిలవదు, శరీరం కిడ్నీని తిప్పికొట్టే ప్రమాదం ముంచుకొస్తుంది. పొద్దుటి మాత్ర మింగకముందే రక్తం తీసి చూసేది రక్తంలో ఈ మందు మట్టం కోసమే.

అందుకే టీబీ మందు రాసే డాక్టరుకు మార్పిడి సంగతి మొదటి మాటగా చెప్పాలి. కొందరికి రిఫాంపిసిన్ బదులు రిఫాబ్యుటిన్ ఇస్తారు, లేదా టాక్రోలిమస్ డోసు బాగా పెంచుతారు. కోర్సు ముగిశాక ఆ జన్యువు జోరు సుమారు రెండు వారాల్లో చల్లారుతుంది. ఆ లోగా డోసు మళ్లీ తగ్గించకపోతే, పేరుకున్న టాక్రోలిమస్ కొత్త కిడ్నీనే దెబ్బతీస్తుంది.