తలుపు హ్యాండిల్ వదులైందా? ఈ ఆదివారమే సరిచేయండి



"అమ్మా, తలుపు రావడం లేదు!" బాత్‌రూమ్‌లోంచి ఈ కేక వినిపిస్తే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి హ్యాండిల్ ఒక్కరోజులో పాడవదు. ముందు ఊగుతుంది, తర్వాత కిందికి వాలుతుంది, ఆపైన రెండుసార్లు తిప్పితేగానీ తలుపు తెరుచుకోదు. కొంచెం పైకెత్తి తిప్పాలని పెద్దవాళ్ళకు అలవాటైపోతుంది. ఆరేళ్ళ పాపకు ఆ కిటుకు తెలియదు. తెల్లవారకముందే టమాటా మార్కెట్‌కు బయలుదేరే ఇళ్ళు మన కలకడలో ఎన్నో. ఆ వేళకు ఇంట్లో పిల్లలతో అవ్వ ఒక్కతే ఉండవచ్చు. అందుకే వదులుగా ఉన్నప్పుడే బిగించుకోవడం మేలు.

లోపల ఏముంటుంది?

రెండువైపుల హ్యాండిళ్ళను ఒక చదరపు ఇనుప కడ్డీ కలుపుతుంది. హ్యాండిల్ వంచితే ఆ కడ్డీ తిరిగి, తలుపు అంచున ఉన్న లాచ్‌ను లోపలికి లాగుతుంది. వదిలితే స్ప్రింగ్ దాన్ని మళ్ళీ బయటికి నెడుతుంది. తేడా ఎక్కడుందో చూస్తే సగం పని అయినట్టే.

మొదలుపెట్టే ముందు

తలుపు బార్లా తెరిచి, కింద ఇటుక అడ్డం పెట్టండి. హ్యాండిల్ విప్పాక తలుపు మూసుకుపోతే మీరే లోపల ఇరుక్కుంటారు. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. స్క్రూలను ఒక గిన్నెలో వేయండి.

ఏ లక్షణానికి ఏ పని?

1. హ్యాండిల్ ఊగుతుంటే: ప్లేటు స్క్రూలు బిగించండి. కొన్ని రకాలకు హ్యాండిల్ అడుగున తల లేని చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని అలెన్ కీతో బిగించాలి.

2. స్క్రూ ఊరికే తిరుగుతుంటే: చెక్కలో రంధ్రం పెద్దదైంది. మందు తీసేసిన అగ్గిపుల్లలకు ఫెవికాల్ పూసి రంధ్రంలో దూర్చండి. రాత్రంతా ఆరనిచ్చి, మిగిలిన కొనలు విరిచేసి, స్క్రూ బిగించండి. బోలుగా ఉండే పీవీసీ తలుపుకు ఇది పనిచేయదు. దానికి ఇటునుంచి అటు పోయే బోల్టు, నట్టు వేయించండి.

3. హ్యాండిల్ తిరిగినా లాచ్ కదలకపోతే: చదరపు కడ్డీ జారి ఉంటుంది, లేదా అరిగి ఉంటుంది. జారితే సరిగ్గా అమర్చండి, అరిగితే మార్చండి.

4. హ్యాండిల్ వాలిపోయి పైకి రాకపోతే: స్ప్రింగ్ పోయి ఉండవచ్చు. పాతదాన్ని హార్డ్‌వేర్ షాపుకు తీసుకెళ్ళి, అదే కొలత సెట్ తెచ్చుకోండి.

5. లాచ్ ద్వారబంధంలోని రంధ్రానికి అందకపోతే: తప్పు హ్యాండిల్‌ది కాదు. తలుపు కిందికి దిగింది. బందుల స్క్రూలు బిగించి చూడండి. వానాకాలంలో చెక్క ఉబ్బినా ఇలాగే అవుతుంది.

లాచ్ గట్టిగా కదులుతుంటే వంటనూనె పోయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. పెన్సిల్ ముల్లు పొడి రుద్దితే చాలు.

చివరి పరీక్ష మీ పిల్లలదే

మీరు బయట నిలబడి, తలుపు మూసి, లోపలినుంచి పిల్లలచేత పదిసార్లు తీయించండి. గడియ తీయడం రాని చిన్నపిల్లలుంటే దాన్ని వాళ్ళ చేతికి అందనంత ఎత్తులో బిగించండి. వాళ్ళకు "లోపల ఉన్నాను" అని చెప్పడం, మనకు తలుపు తట్టడం అలవాటైతే చాలు.

ఎప్పుడైనా ఇరుక్కుంటే పిల్లలతో మాట్లాడుతూనే ఉండండి, తలుపుకు దూరంగా జరగమనండి. తలుపు రాకపోతే అగ్నిమాపక సిబ్బందికి 101కు గానీ, అత్యవసర సహాయానికి 112కు గానీ ఫోన్ చేయండి.

ఈ పనిలో స్క్రూల గిన్నె పట్టుకునే బాధ్యత మీ అబ్బాయికో అమ్మాయికో ఇవ్వండి. సైన్స్ పుస్తకంలోని స్ప్రింగు, మీట వాళ్ళ చేతుల్లోనే కనిపిస్తాయి.