ఏ శ్రీకాకుళం? ఏ విజయనగరం?

ఈ సంక్రాంతికి మా మేనల్లుడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని విజయనగరం నుంచి శ్రీకాకుళంలో మా ఇంటికి దిగాడు. "మావయ్యా, నువ్వు తెలుగు ఎమ్మేవి గదా, నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నాడు. నాలుగు ముక్కలే గదా అని ఒప్పుకున్నాను. అక్కడే పొరపాటు జరిగింది.

పొందూరులో వాడికి తెలిసిన నేతవారి కుటుంబం ఒకటుంది. వారి ఖద్దరును విజయనగరంలో తన ఇంటినుంచే దేశమంతా పంపుదామని వెబ్‌సైటు పెట్టాడు. ఆరు నెలలైంది, చూసినవాడు లేడు, కొన్నవాడు లేడు. పట్నంలో ఎవరో కంపెనీవారు సొమ్ము పుచ్చుకుని సలహా చెప్పారట: 'పొందూరు ఖాదీ' అన్న మాట వాక్యానికొకసారి రావాలి, పేజీ వెనకాల కంటికి కనబడకుండా 'కీవర్డ్సు' కూడా నింపాలి. అల్లా వెనకాల నింపిన మాటలను వరుస నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోమని గూగుల్‌వారు 2009లోనే చెప్పారు. మావాడు సొమ్ము కట్టింది మొన్న!

నేను ఇల్లా రాశాను: కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, ఒంటికదురు రాట్నం మీద నూరో నంబరు దాకా నూలు వడుకుతారు, ఆ నూలును చేతి మగ్గం మీద నేస్తారు. మావాడు చదివి తల గోక్కున్నాడు. "బాగుంది గాని, 'పొందూరు ఖాదీ' రెండేసార్లు వచ్చింది మావయ్యా." పునరుక్తి దోషమని ఇరవై ఏళ్లుగా క్లాసులో మొత్తుకుంటున్నవాణ్ణి, ఆ పూట కూర్చుని పదకొండుసార్లు పునరుక్తి చేశాను.

పోనీ, జనం ఆ మాటే వెతుకుతారా? ఒకరికది ఖద్దరు, ఒకరికి ఖాదీ, ఇంకొకరికి కద్దరు. చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారు గనుక, హెచ్ ఉంచాలా, 'డి' ఒకటా రెండా అన్నది ఎవరి చిత్తం వారిది.

ఊరి పేర్ల దగ్గర అసలు చిక్కు. తెలుగులో విజయనగరం అంటే 1713లో కోట వెలసిన మా పూసపాటివారి ఊరూ అదే, తుంగభద్ర ఒడ్డున రాయలవారి రాజధానీ అదే. ఇంగ్లీషువారు మన ఊరికి తగిలించిన 'జెడ్' అక్షరమే ఇప్పుడు మనకు దిక్కు. శ్రీకాకుళమైనా అంతే. కృష్ణా జిల్లాలో ఆంధ్రమహావిష్ణువు కోవెల ఉన్నదీ శ్రీకాకుళమే. స్వామి కలలో కనబడి 'ఆముక్తమాల్యద' రాయమన్నది అక్కడే. మన రెండు జిల్లాల పేర్లూ కలిపి కొడితే కృష్ణదేవరాయలు ప్రత్యక్షం కావడంలో ఆశ్చర్యమేముంది? (మన శ్రీకాకుళం గురించి పాత గెజిటీర్లలో చూడాలంటే 'చికాకోల్' అని వెతకాలి. అది వేరే కథ లెండి.)

యంత్రానికి మనమీద కక్షేమీ లేదు. లంకెలు పట్టుకుని పేజీ నుంచి పేజీకి పోతూ, కనబడ్డ మాటలను సూచికలో చేర్చుకుంటుంది. ఏ పేజీని ముందు చూపాలన్న దానికి 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక కిటుకు ప్రకటించారు: ఆ పేజీకి ఎందరు, ఎంతటివారు లంకె వేశారో చూడడం. సిఫారసు ఉత్తరాల వంటిదన్నమాట. మరమగ్గం గుడ్డకు ఖాదీ అని పేరు పెట్టి అమ్మే పెద్ద దుకాణానికి సిఫారసులకేం కొదవ? పొందూరు రాట్నానికి సిఫారసు చేసేదెవరు?

కొనుక్కున్న సిఫారసులనూ, ఊరికే వల్లించిన మాటలనూ పట్టుకోవడానికి 2012లో గూగుల్‌వారు 'పెంగ్విన్' అనే మార్పు తెచ్చారు. అంటే నా పదకొండు పునరుక్తులూ వట్టి వృథాయే కాదు, ఎదురు నష్టం తేగలవి కూడాను!

ఫోటోల కోసం ఇద్దరం పొందూరు వెళ్లాం. రాట్నం ముందు కూర్చున్న ముసలమ్మ మా గొడవంతా విని నవ్వింది. "ఏటి బాబూ, మా కద్దరు గురించి ఓపాలి సెప్తే ఇనదేటి, ఆ పెట్టె?"

ఇంటికి వచ్చి పునరుక్తులన్నీ కొట్టేశాం. పైన "పొందూరు ఖద్దరు, శ్రీకాకుళం జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఒక్కసారి రాశాం. ఆవిడ చేతిలో చేప దవడ ఉన్న ఫోటో పెట్టి, దాని పని ఏమిటో కింద రాశాం. ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా రాసే పేర్లన్నీ అడుగున ఒక్క వరుసలో ఇరికించాం.

రెండు నెలలకు మూడో పేజీలోకి వచ్చాం. ఫోన్లు మూడు వచ్చాయి. ఒకాయన హంపీలో గది అద్దె ఎంత అని అడిగాడు. ఒకరు మాట్లాడకుండా పెట్టేశారు. మూడోది హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి: "నాన్నగారి షష్టిపూర్తికి పంచె కావాలండీ. ఆ చేప ఎముకతో దువ్విన పత్తిదే గదా?"

పంచె పంపాడు. మావాడు మటుకు పొద్దున లేస్తూనే మనం ఎన్నో పేజీలో ఉన్నామో చూస్తూనే ఉన్నాడు. నిన్న నాలుగో పేజీకి దిగామట.