చూపు, చిత్రం, అనుమతి

వీధిలో నడిచే మనిషి నలుగురి కంటా పడతాడు. అయితే కంటపడటం వేరు, తనకు తెలియకుండా చిత్రంగా నిలిచిపోవటం వేరు. చూపు మరుక్షణమే మరలిపోతుంది. చిత్రం మిగిలిపోయి, ముక్కూ మొహం తెలియని వారి చేతుల్లోకి పోతుంది. బహిరంగ స్థలాల్లో తీసే ఛాయాచిత్రాల నైతిక సమస్య ఈ భేదంలోనే ఉంది.

పూర్వం ఫొటో తీయించుకొనే మనిషి కెమెరా ఎదుట కదలక కూర్చునేవాడు. అతని సమ్మతి అందులోనే ఇమిడి ఉండేది. 1888లో కొడాక్ చేతి కెమెరా వచ్చిన తర్వాత ఆ అవసరం తగ్గిపోయింది. 1890లో అమెరికా న్యాయవాదులు వారెన్, బ్రాండైస్‌లు గోప్యతా హక్కును ప్రతిపాదిస్తూ వ్రాసిన వ్యాసంలో ఈ తక్షణ ఛాయాచిత్రాలను ఒక కారణంగా పేర్కొన్నారు.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్లపై కూర్చున్న 17 ఏళ్ల యువతి చిత్రాన్ని ఒక పత్రిక ఆమె అనుమతి లేకుండా ప్రచురించింది. అందులో ఆమెను కించపరచేదేమీ లేదు. అయినా కెనడా సుప్రీంకోర్టు 1998లో ఆమె పక్షాన తీర్పు చెప్పి, 2,000 డాలర్ల పరిహారాన్ని ఖాయపరచింది. న్యూయార్క్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. ఛాయాగ్రాహకుడు డికోర్షియా టైమ్స్ స్క్వేర్‌లో బాటసారులకు తెలియకుండా చిత్రాలు తీసి ప్రదర్శించాడు. వారిలో ఒక యూదు భక్తుడు, అది తన మతవిశ్వాసానికి విరుద్ధమని దావా వేశాడు. ఆ చిత్రం కళ అని, వాణిజ్య ప్రకటన కాదని చెప్పి 2006లో కోర్టు దావాను కొట్టివేసింది.

భారత సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన గోప్యత పోదని, అది స్థలాన్ని గాక వ్యక్తిని అంటిపెట్టుకొని ఉంటుందని ఆ తీర్పులోని ప్రధాన అభిప్రాయం.

చట్టం శిక్షార్హమైనదేదో చెబుతుంది, ఉచితమైనదేదో చెప్పదు. ఇతరుల ఇండ్లలోకి అనుమతి లేనిదే ప్రవేశించరాదని ఖుర్‌ఆన్‌లోని అన్‌నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశిస్తుంది. ఈ నియమం చూపు కారణంగానే విధించబడిందని దైవప్రవక్త (స) విశదపరచినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. అంటే కాపాడవలసింది గోడలను కాదు, వాటి వెనుక ఉన్న మనిషి మర్యాదను. ఇతరుల గుట్టు ఆరా తీయరాదన్న అల్ హుజురాత్ 12వ ఆయత్‌లోనైతే ఇల్లు, వీధి అన్న భేదమే లేదు.

అలాగని ప్రతి చిత్రమూ తప్పు కాదు. దౌర్జన్యాన్ని బయటపెట్టే చిత్రానికి దౌర్జన్యపరుని అనుమతి అక్కరలేదు. జనసమూహంలో ఒకడిగా కనిపించేవానికి సాధారణంగా హాని ఉండదు. కాని ఒక ముఖాన్ని ఏరి పట్టినప్పుడు, అందునా దుఃఖంలో, వ్యాధిలో, పేదరికంలో ఉన్నవారిని, పసివారిని చిత్రించేటప్పుడు, ముందుగా అడగటం ధర్మం. వీలుకాకపోతే తీసిన పిదపనైనా చూపించి అడగాలి, వద్దంటే చెరిపివేయాలి. అడిగినందున ఒక మంచి చిత్రం చేజారవచ్చు. అడగనందున పోయేది మరొకరి మర్యాద. దానిని తిరిగి ఇవ్వటం తీసినవాని వశంలో ఉండదు.