కొన్న పశువు జబ్బు పడితే నష్టమెవరిది?

(మా వాణిజ్య విలేకరి)

సంతలో బేరం కుదిరింది. కండువా కింద పట్టిన వేళ్లు విడిపోయాయి, పలుపుతాడు చేతులు మారింది. మూడోనాటికి గేదె మేత మానేసి నోట చొంగ కారుస్తోంది. నా కొట్టంలో ఉన్నన్నాళ్లూ నిక్షేపంగా ఉందని అమ్మినవాడు, రోగం దాచి అంటగట్టావని కొన్నవాడు. మధ్య దళారికి రెండు వైపులా చీవాట్లే.

పశువు కూడా చట్టం దృష్టిలో సరుకే. బియ్యం బస్తాకు, మిర్చి టిక్కీకి వర్తించే 1930 నాటి వస్తు విక్రయ చట్టమే గేదెకూ వర్తిస్తుంది. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం సరుకు నాణ్యతకు అమ్మకందారు పూచీ దానంతటది పుట్టదు. చూసుకోవలసినది కొన్నవాడే. దీనికి ముఖ్యమైన మినహాయింపులు రెండు. ఫలానా అవసరానికని చెప్పి, అమ్మకందారు అనుభవం మీద ఆధారపడి కొంటే ఒకటి. ఆ రకం సరుకులో వ్యాపారం చేసేవాని దగ్గర వర్ణనను బట్టి కొంటే మరొకటి. రెండూ వ్యాపారి మెడకే చుట్టుకుంటాయి. ఇంటి గేదె ఒక్కదాన్ని తోలుకొచ్చిన రైతు చాలావరకు తప్పించుకుంటాడు. సంతల్లో తిరిగే వర్తకులు ఈ తేడా గమనించినట్లు కనపడదు.

పైగా కొన్నవాడు పళ్లు చూశాడు, సుళ్లు చూశాడు, నడిపించాడు. ఆ పరీక్షలో బయటపడవలసిన కుంటితనానికి తర్వాత వ్యాపారిని అడగలేడు. నెత్తుటిలో దాగిన రోగం సంగతి వేరు.

తెలిసీ చెప్పకపోతే మోసం కాదా? 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణే ఒక జబ్బు గుర్రం. వేలంలో దాన్ని అమ్ముతూ యజమాని నోరు మెదపకపోతే అది మోసం కాదు. అయితే నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్లే భావిస్తానని కొనేవాడు అన్నప్పుడు మౌనం వహిస్తే, ఆ మౌనం మాటతో సమానం. బేరం మొత్తం ఆ ఒక్క ప్రశ్నతో తిరగబడుతుందన్నమాట. దళారులు పదిమంది ఎదుట ఆ ప్రశ్న అడిగించి, జవాబు చీటీ మీద రాయిస్తే సగం తగాదాలు సంత దాటవని మా అభిప్రాయం.

“ఉన్నది ఉన్నట్లు” అన్న షరతు మీద అమ్మితే కథ మరోలా ఉంటుంది. ఇంగ్లండులో వార్డ్, హాబ్స్ కేసులో రోగపు పందులను ఆ షరతుతో సంతలో అమ్మారు. అవి చావడమే కాక కొన్నవాని మిగతా మందకూ రోగం అంటుకుంది. అయినా పరిహారం రాదని 1878లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. మన దేశంలో 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం ప్రకారం గాలికుంటు వంటి షెడ్యూలు వ్యాధి ఉన్నట్లు తెలిసిన పశువును సంతకు తేవడం నేరం. జుల్మానా పడినంత మాత్రాన కొన్నవాని సొమ్ము తిరిగి వచ్చినట్లు కాదు.

రుజువు దగ్గరే అసలు చిక్కు. గాలికుంటు సోకిన తర్వాత లక్షణాలు కనపడటానికి రెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మూడోనాడు పడిన జబ్బు అమ్మినవాని కొట్టంలోదో, సంతలో పక్క పశువుదో చెప్పడం కష్టం. కొన్ననాడే చెవి బిళ్ల మీది 12 అంకెల నంబరు రాసుకుని టీకాల వివరం అడగాలి. జబ్బు కనపడిన రోజే పశువైద్యుని సర్టిఫికెట్ తీసుకోవాలి, చనిపోతే పోస్టుమార్టం చేయించాలి. అమ్మినవానికి వెంటనే కబురు పంపాలి. నెల రోజులు పాలు పిండుకుని అప్పుడు తిప్పి తోలతానంటే చెల్లదు. అంగీకరించిన సరుకుకు మిగిలేది నష్టపరిహారపు దావా మాత్రమే. సొంత జీవనోపాధికి కొన్న రైతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మారుబేరానికి కొన్న వర్తకునికి ఆ దారి లేదు.

“వారం చూసి నచ్చితే ఉంచుకో” అన్న బేరంలో మాత్రం నష్టం అమ్మినవానిదే. 1880 నాటి ఎల్ఫిక్, బార్న్స్ కేసులో ఎనిమిది రోజుల గడువు మీద ఇచ్చిన గుర్రం మూడోనాడు చచ్చింది. కొనేవాని తప్పు లేదు కనుక ధర రాలేదు. మన చట్టం 24వ సెక్షన్ కూడా అదే ధోరణి.

నగరాల్లో పెంపుడు జీవుల దుకాణాలకూ ఇవే సూత్రాలు. ఇగ్వానా, కొండచిలువ వంటి సరీసృపాలు జబ్బును చాలా రోజులు పైకి కనపడనీయవు. పెట్టెలో వేడి చాలక జబ్బు పడేవీ ఉన్నాయి. అందుకే ఎంత వేడి, ఏ మేత అన్నది రాసివ్వడం దుకాణదారుకే రక్ష. 2018 నిబంధనల ప్రకారం దుకాణానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ జీవులను 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నక్షత్ర తాబేలు సంగతికి వస్తే, అది వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి. దాని అమ్మకమే చెల్లదు కనుక కొన్నవానికి దావా లేదు. చేతిలో రశీదు ఉంటే అది అతని మీదే సాక్ష్యం.