అంగడి గౌరవము – అన్యాయపు సమీక్ష

భానూరులో భారత్ డైనమిక్స్ కర్మాగారమున్నది. ఇట్టి పారిశ్రామిక ప్రాంతములలో కార్మికులను నమ్ముకొని బ్రతుకు చిన్న ఫలహారశాలలు, మరమ్మతు దుకాణములు అనేకము. కొత్తగా వచ్చినవారు నేడు సెల్‌ఫోనులో స్టార్లు చూచి గాని అంగడి మెట్టెక్కరు. వందమందిలో ఒక్కరు ఒకే స్టారిచ్చి, తక్కినవారందరు ఐదేసి ఇచ్చినచో సగటు 4.96. ఐదుగురే వ్రాసినచోట అదే నింద సగటును 4.2కు దించును. చిన్న వర్తకునికి దెబ్బ పెద్దదగుట ఇందువలననే.

అట్టివారికి మేము చెప్పునది ఇది. కోపము చల్లారకముందు జవాబు వ్రాయవలదు. వ్రాసినవారు మీ దుకాణమునకు వచ్చినవారేనా? వారు చెప్పిన బేరము మీ లెక్కలలో నున్నదా? ఆరోపణలో ఇసుమంతయైన నిజమున్నదా? ఉన్నచో ఒప్పుకొని సరిదిద్దుకొనుడు. లేనిచో రెండు మర్యాద వాక్యములలో వాస్తవము తెల్పుడు. ఆ జవాబు నిందించినవారికి కాదు, రేపు చదువబోవువారికి.

పిదప గూగుల్ వంటి సంస్థకు ఫిర్యాదు చేయవచ్చును. కటువుగా నున్నంతమాత్రమున అది సమీక్షను తొలగింపదు. బూటకమనియో, వ్యాపారముతో సంబంధము లేనిదనియో చూపవలెను.

నిందను కప్పుటకు పొగడ్తలను కొనుట మాత్రము తగదు. సమీక్షల సేకరణలో, ప్రచురణలో నిజాయితీ యుండవలెనని భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అను ప్రమాణమును వెలువరించినది. అబద్ధమును అబద్ధముతో కడిగిన అంగడికి, నిజము చెప్పవలసిననాడు నమ్మువారుండరు.