హైపో, హైపర్: ఒక్క అక్షరపు భేదము

మధుమేహ రోగికి ఒడలెల్ల చెమటలు పట్టి చేతులు వణకుచున్నప్పుడు ఇంటివారు వైద్యునికి టెలిఫోనులో ఒక మాట చెప్పవలసి వచ్చును. ఆ మాట హైపోగ్లైసీమియా. అనగా రక్తములో చక్కెర ఉండవలసిన దానికంటె తగ్గుట. హైపర్‌గ్లైసీమియా అనునది దీనికి నేరుగా ఎదురు. చక్కెర మితిమించి పెరుగుట. మొదటి దానికి వెంటనే చక్కెర ఈయవలెను. రెండవ దానికి చక్కెర కూడదు. ఒకటి చెప్పబోయి వేరొకటి చెప్పినచో ఎంత అనర్థమో వేరుగ వ్రాయనక్కరలేదు.

ఈ పేర్లు గ్రీకు ముక్కలతో కూర్చబడినవి. 'హైపో' అనగా క్రింద, 'హైపర్' అనగా పైన. 'గ్లైక్' తీపిని, 'ఈమియా' రక్తమును తెలుపును. అర్థమును బట్టి విడదీసినచో హైపో, గ్లైక్, ఈమియా అని మూడు ముక్కలగును. కాని నోటిలో విరుపు అచ్చట పడదు. హై-పో-గ్లై-సీ-మి-యా అని ఆరక్షరములుగ పలుకవలెను. గ్లైక్ చివరి హల్లు తరువాతి అచ్చుతో కూడి 'సీ' అయినది. ఇది మనకు క్రొత్తగాదు. రామ, ఆలయము అను మాటలు కలిసిన పిదప రా-మా-ల-య-ము అందుము గాని సంధి జరిగినచోట ఆగము గదా! కకారము సకారమగుట మాత్రము ఇంగ్లీషు వర్ణక్రమము చేసిన చిత్రము. లుకీమియా అను రోగనామములో కకారము చెక్కుచెదరక నిలిచియున్నది.

అసలు చిక్కు వేరొకటి కలదు. ఇంగ్లీషువారు ఈ రెండు పదములలోను నాలుగవ అక్షరమగు 'సీ'ని ఊది పలుకుదురు. రెండవ అక్షరము తేలిపోవును. భేదమంతయు 'పో', 'పర్' అను ఆ రెండవ అక్షరమునందే ఉన్నది. ఊనిక పడినచోట రెండును ఒక్కటే. భేదమున్నచోట ఊనిక లేదు. సరిగా వినబడని టెలిఫోనులో ఏది ఏదియో పోల్చుకొనుట కష్టము.

ప్రతి అచ్చును నిండుగ పలుకుట తెలుగువారి అలవాటు. దొరల ఉచ్చారణను అనుకరింపబోయి దానిని పోగొట్టుకొనరాదు. 'పో'ను దీర్ఘముగ, 'పర్'లోని రేఫను స్పష్టముగ పలికి, అచ్చట క్షణమాగి తక్కినది చెప్పినను తప్పులేదు. వెంటనే తెలుగులో 'చక్కెర తగ్గినది' అని చేర్చుట మరింత మేలు. పరీక్షలో వచ్చిన అంకె తెలిసినచో అదియు చెప్పవలెను. సాధారణముగ డెసిలీటరు రక్తమునకు 70 మిల్లీగ్రాములకంటె తక్కువ ఉన్నచో అది హైపో. 'షుగరు తేడా చేసినది' అని ఊరకొన్నచో వైద్యునికి ఏమియు తెలియదు. వైద్యుడే ఆ పేరు త్వరత్వరగ పలికినచో, 'తగ్గినదా, పెరిగినదా?' అని అడుగుటకు సంకోచింపరాదు.

చక్కెర తగ్గిన రోగి స్పృహలోనుండి మ్రింగగలిగినచో సుమారు 15 గ్రాముల చక్కెరను, అనగా మూడు చిన్న చెంచాలు, నీటిలో కలిపి త్రాగింపవలెను. 15 నిమిషములైన పిదప రక్తమును మరల పరీక్షించి, ఇంకను తక్కువగ నున్నచో మరల అంతే ఈయవలెను. స్పృహ లేనివాని నోట ఏదియు పోయరాదు. తక్షణము వైద్యశాలకు చేర్చవలెను.