సైనికుడైన తండ్రిని గౌరవించుట



భద్రాచల ప్రాంతమున నివసించు మనకు పితృభక్తిని గూర్చి వేరొకరు బోధింప నక్కరలేదు. తండ్రిమాటకై రాజ్యము విడిచినవాని కోవెల మన గోదావరి యొడ్డుననే యున్నది. పర్ణశాలయు మనకు చేరువనే. అయినను యుద్ధమునుండి తిరిగివచ్చిన తండ్రి విషయమున ఈ ధర్మము కొంత వేరుగా నుండును. ఆ సంగతినే నేడు మనవి చేయదలచినాను.

మృతవీరులను గౌరవించుట మన దేశమున ప్రాచీనమైన ఆచారము. పోరున పడినవాని పేర వీరగల్లు నిలిపెడివారు. మన యడవులలోని కోయవారును గతించిన పెద్దల పేర రాళ్లు నిలుపుట కలదు. కాని రాయి చనిపోయినవానికి. బ్రతికివచ్చి, అరకపట్టి, పొలము దున్నుకొని, నేడు అరుగుమీద మాటలేక కూర్చున్నవానికి మనమేమి చేయుచున్నాము?

అట్టివారు మన దేశమున కొద్దిమంది కారు. 1939 మొదలు 1945 వరకు జరిగిన రెండవ ప్రపంచయుద్ధమున భారతసైన్యములో సుమారు 25 లక్షలమంది పనిచేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట వారిలో అనేకులు పింఛను లేకయే ఇండ్లకు వచ్చిరి. పశ్చిమగోదావరిలోని మాధవరమును జనులు నేటికిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు. ఆ యూరు తన సైనికులను పేరులోనే నిలుపుకొన్నది. మన యడవిపల్లెలలో నన్ననో ఊరికి ఒకరో ఇద్దరో. కావున వారిని తలచుకొను భారము బిడ్డలమీదనే పడుచున్నది.

మా నాయనగారు అట్టివారిలో నొకరు. 1971 డిసెంబరులో పాకిస్తానుతో 13 దినములు జరిగిన యుద్ధమున వారు తూర్పు సరిహద్దున కాల్బలములో నుండిరి. ఆ నెల 16వ తేదీన ఢాకాలో శత్రుసేన లొంగిపోయెను. సుమారు 93 వేలమంది బందీలైరి. ఇది పుస్తకములలో దొరకు కథ. నాయనగారిని "యుద్ధములో ఏమి జరిగినది?" అని యడిగినచో "ఏమున్నది, పోయినాము, వచ్చినాము" అనుటయే గాని మరియొక మాట యుండదు.

అందుచేత అడుగు తీరు మార్చితిమి. ఏ స్టేషనులో రైలెక్కినారు? అక్కడి నేల మన రేగడివంటిదా, ఇసుకయా? రాత్రి ఏమి తినిరి? పక్కన పడుకొన్నవాని దే యూరు? ఇట్టి చిన్న ప్రశ్నలకు వారు మెల్లగా నోరు విప్పిరి. తిరిగిరాని స్నేహితుని సంగతి వచ్చినప్పుడు ఆగిపోయిరి, మేమును ఆగిపోతిమి. ఎంతమందిని చంపితివని పిల్లలు అడుగకుండ చూచుట పెద్దలకు విధి. చెప్పినది వినుట యెంత మర్యాదయో, చెప్పనిదానిని తవ్వకుండుటయు నంత మర్యాదయే. విన్నదానిని ఆనాడే తేదీ వేసి వ్రాసికొనవలెను.

రెండవది కాగితముల సంగతి. డిశ్చార్జి పుస్తకము, పింఛను చెల్లింపు ఉత్తరువు, పతకములు — ఇవి పెట్టె అడుగున చెదలపాలు కారాదు. 1971లో తూర్పున పోరాడినవారికి పూర్వీ స్టారు, పడమట పోరాడినవారికి పశ్చిమీ స్టారు ఇచ్చిరి. పతకమును చూపి, అదేమిటో మనుమలకు చెప్పవలెను.

మన ప్రాంతమున కాగితములకు మరియొక చిక్కు కలదు. మా యూరు దుమ్ముగూడెము వైపుది. నాయనగారు పుట్టిననాడు అది మద్రాసు రాష్ట్రపు తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. భద్రాచలము తాలూకా 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. ఊరు కదలలేదు, కాని మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశము, తెలంగాణము అని రాష్ట్రము పేరు నాలుగు తీరులయ్యెను. 2014లో ఆంధ్రప్రదేశమునకు పోయిన కూనవరము, చింతూరు మొదలగు మండలములవారికి కార్యాలయములును మారినవి. కావున పాత కాగితములోని జిల్లాపేరు చూచి కంగారుపడక, ఇప్పటి జిల్లాకు చెందిన సైనిక సంక్షేమ కార్యాలయములో విచారించుకొనవలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. అది తల్లి సంగతి. సైనికుడు గతించిన పిమ్మట భార్యకు కుటుంబ పింఛను రావలెనన్న, ఆమె పేరు, పుట్టినతేదీ సైనిక రికార్డులలో సరిగా నుండవలెను. మన పల్లెలలో లక్ష్మి యొకచోట లక్ష్మమ్మ, మరొకచోట లక్ష్మీబాయి యగును. భర్త బ్రతికియుండగా ఇట్టి తేడాను సరిచేయించుట సులభము. ఆయన పోయిన పిదప ఆ వృద్ధురాలు తాను ఆయన భార్యనే యని సాక్ష్యములు వెదకికొనవలసివచ్చును. మా అమ్మ పేరు ఇట్లే తేడాగా నుండగా నాయనగారిచేతనే దరఖాస్తు పెట్టించి సరిచేయించితిమి. ఆ యుత్తరువు వచ్చిననాడు వారి ముఖమున కనబడిన నెమ్మది, పూలదండ వేసిన ఏ సభలోను నేను చూడలేదు.

సాధారణ సిపాయికి పింఛను రావలెనన్న 15 సంవత్సరముల సేవ వలయును. అంతకు ముందే ఇంటికి వచ్చినవారికి అది లేదు. అట్టి పేదవారు హవల్దారు హోదావరకు నున్నవారై, 65 యేండ్లు దాటినచో కేంద్రీయ సైనిక బోర్డునుండి సహాయము కోరుటకు వీలున్నది. వారు తమంత తాము అడుగుకొనరు. అభిమానవంతులు. వారి బదులు అర్జీ వ్రాయించుట చదువుకొన్న పెద్దల పని.

1949 మొదలు ఏటేట డిసెంబరు 7వ తేదీని సాయుధదళముల పతాకదినముగా జరుపుచున్నారు. ఆ దినమున బడిపిల్లలను వెంటబెట్టుకొని మీ యూరి సైనికుని యింటికి పొండు. ఉపన్యాసములు వలదు. ఆయన కాగితములొకసారి చూడుడు. ఇల్లాలి పేరు సరిగానున్నదేమో చదువుడు. ఆయన చెప్పినంత వినుడు. రాయి నిలుపుటకు ముందు చేయవలసిన గౌరవ మిదియే. సెలవు.